గోడలు కదిలే ఇల్లు

ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరంలో థీసిస్ కోసం నేనెంచుకున్న అంశం వినగానే హాస్టల్ మిత్రుడొకడు "అదేం, సినిమా హాలా?" అన్నాడు. పూర్తిగా తప్పని అనలేను. కాకపోతే ఈ డిజిటల్ కళని ప్రేక్షకుడు ఎదురుగా కూర్చుని చూడడు. నాలుగు గోడలమీదా, నేలమీదా బొమ్మలు కదులుతూంటే వాటి మధ్య తిరుగుతాడు. అలాటి ప్రదర్శనలకి భీమిలి దారిలో, సరుగుడు తోపుల పక్కన ఓ కట్టడం గీయబూనాను.

ఇదేమీ నిన్నటి ఆలోచన కాదు. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో పెప్సీ పెవిలియన్‌ని కళాకారులూ ఇంజనీర్లూ కలిసి రూపొందించారు. లోపల పల్చని మైలార్ రేకుతో చేసిన 90 అడుగుల వ్యాసంగల గోళాకారపు అద్దం. అందులో మన ప్రతిబింబం తలకిందులుగా గాలిలో వేలాడేది. బయట ఫుజికో నకాయా అనే కళాకారిణి నీటి తుంపరలతో కప్పుమీద పొగమంచు కల్పించింది. గాలి ఎటు వీస్తే కట్టడం అటు రూపు మార్చుకునేది. అంతకన్న పాతది మనకే ఉంది: తోలుబొమ్మలాట. నాలుగు గుంజలు, ఓ తెల్ల పంచె, వెనక దీపం. ఆట అయ్యాక చుట్టచుట్టి బండిలో వేసుకుపోవడమే!

నా ప్లానులో శాశ్వతమైనవి కప్పూ, స్తంభాలూ మాత్రమే. కప్పు కింద ఇనుప పైపుల గళ్ళు. ప్రొజెక్టర్లూ స్పీకర్లూ ఎక్కడైనా తగిలించొచ్చు. గోడలు పట్టాలమీద జరుగుతాయి. వైర్లకి నేల అడుగున జానెడు ఖాళీ.

అసలు చిక్కు వెలుతురుతో. 10,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు కాంతిని 50 చదరపు మీటర్ల గోడమీద పరిస్తే 200 లక్స్ వస్తుంది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్! తలుపు తీస్తే బొమ్మ మాయం. అందుకని ప్రవేశాన్ని రెండు మలుపుల సందుగా చేశాను. నడిచేలోగా కళ్ళు కూడా చీకటికి కొంత అలవాటు పడతాయి.

రాత్రిపూట మాత్రం సముద్రం వైపు గోడ జరిపేసి, అలల్నీ ప్రదర్శనలో కలుపుదామనుకున్నాను. ఆ డ్రాయింగు చూసుకుని నేనే మురిసిపోయాను. రివ్యూలో మా మాస్టారు ఒక్కటే అడిగారు: "తాబేళ్ళ సంగతేమిటోయ్?"

నోట మాట రాలేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరాన చలికాలం చివర్లో గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటపడి, వెలుతురున్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి. నా గోడ తెరిస్తే అవి నా ప్రదర్శనకే వచ్చేవి, పాపం, ప్రాణాలు పోగొట్టుకోడానికి.

ప్లాను మొత్తం తిరగేశాను. ఇప్పుడు సముద్రం వైపు గోడ కదలదు, కిటికీ కూడా లేదు. కదిలే గోడ తోపు వైపుకి పోయింది. దాని ముందు ఎత్తయిన మట్టికట్ట. జనవరి నుంచి మే దాకా చీకటి పడ్డాక అదీ మూసే ఉంటుంది. అలల చప్పుడు మైకుల ద్వారా లోపలికొస్తుంది.

"అందం తగ్గిందిరా" అంటున్నారు క్లాసువాళ్ళు. తగ్గింది, నిజమే. ఫైనల్ జ్యూరీ వచ్చే నెల. వాళ్ళూ ఆ మాటే అంటారేమోనని భయంగానే ఉంది. ఆ గోడ మాత్రం తెరవను.