నీటికుక్క – నదికి సాక్షి

తెలుగువారు దానిని నీటికుక్క అన్నారు. ఉర్దూలో దాని పేరు ఊద్‌బిలావ్. బిలావ్ అనగా గండుపిల్లి. ఒక భాష కుక్కగాను, మరొక భాష పిల్లిగాను పిలిచిన ఈ ప్రాణి నిజమునకు కుక్కయు కాదు, పిల్లియు కాదు. జంతుశాస్త్రజ్ఞులు దీనిని వీజెల్, బాడ్జర్ మొదలగు జంతువులతో పాటు మస్టెలిడే అను కుటుంబమున చేర్చినారు. పేరులోని పొరపాటు వలన ఎవరికిని నష్టము లేదు. కాని అది చేపలదొంగయని, మనుష్యునికి శత్రువని పాతుకొనిన అభిప్రాయము మాత్రము దాని ప్రాణమునకే ముప్పు తెచ్చుచున్నది. ఆ అభిప్రాయము ఎంతవరకు సబబో పరిశీలించుదము.

భారతదేశమున మూడు జాతుల నీటికుక్కలు కలవు. వానిలో నున్నని బొచ్చు గల జాతి మన కృష్ణా గోదావరీ ప్రాంతములలో నివసించుచున్నది. కాకినాడ సమీపమున గల కోరింగ మడ అడవులు దానికి పేరుపొందిన ఆశ్రయము. పెరిగిన జంతువు బరువు 7 నుండి 11 కిలోల వరకు ఉండును. వేళ్ళ నడుమ చర్మము, తెడ్డువలె పనిచేయు బలమైన తోక, నీట మునిగినపుడు మూసికొనిపోవు చెవులు, ముక్కు – ఇవన్నియు ఈతకు అనువైనవి. నీరు మురికిగా ఉన్నను మీసములు చేపల కదలికను పసిగట్టును. తిమింగలమునకు వలె దీనికి దళసరి క్రొవ్వుపొర లేదు. రెండు వరుసల బొచ్చు నడుమ నిలిచిన గాలియే చలినుండి కాపాడును. శరీరపు వేడిని నిలుపుకొనుటకు అది రోజుకు సుమారు ఒక కిలో ఆహారము తినవలసి ఉండును.

ఇవి కుటుంబములుగా జీవించి, కలసి వేటాడును. తల్లి రెండు నెలలు గర్భము మోసి, గట్టు బొరియలలో అయిదు వరకు పిల్లలను కనును. ఇసుక త్రవ్వకముతో గట్లు కూలినపుడు ఆ పురిటిండ్లు కూడ కూలిపోవును.

జాలరుల ఫిర్యాదు అబద్ధము కాదు. వల చిరిగిననాడు ఆ ఇంట కూలి దక్కదు. ఆ నష్టమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. అయితే నదిలో చేపలు తరుగుటకు కారణము నీటికుక్కయేనా? కర్మాగారముల మురుగు, పొలముల నుండి దిగు పురుగుమందులు, చేపపిల్లలను సైతము ఊడ్చు సన్నకన్నుల వలలు – ఇవి చేయు హాని ముందు దాని తిండి ఎంత? బంగ్లాదేశమునందలి నడాయిల్ ప్రాంతపు జాలరులు తరతరములుగా నీటికుక్కలను పెంచి, వానిచేతనే చేపలను వలలోనికి తోలించుచున్నారు. అక్కడ అది శత్రువు కాదు, తోడి పనివాడు.

ఇంగ్లండు అనుభవము మనకు మరింత బోధించుచున్నది. 1950ల చివరినుండి అక్కడ నీటికుక్కలు వేగముగా తరిగిపోయినవి. విత్తనములకు పట్టించిన డీల్‌డ్రిన్ వంటి విషములు ప్రధాన కారణమని తేలినది. ఆ విషము నీటినుండి పురుగులకు, పురుగులనుండి చేపలకు, చేపలనుండి నీటికుక్కకు చేరుచు, మెట్టు మెట్టునకు పేరుకొనును. 1977–79 సర్వేలో పరిశీలించిన స్థలములలో నూటికి ఆరింట మాత్రమే దాని జాడ కనబడినది. విషములను క్రమముగా నిషేధించి, చట్టరక్షణ కల్పించి, నదులను శుభ్రపరచిన పిమ్మట 2009–10 నాటికి ఆ సంఖ్య నూటికి సుమారు 59కి పెరిగినది. ఆ చేపలనే మనుష్యుడును తినుచున్నాడు. కావున నీటికుక్క మాయమగుట మనకు ముందుగా అందిన హెచ్చరిక.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీని వేటను నేరముగా పరిగణించుచున్నది. చర్మముల కొరకును, పెంపకము కొరకును జరుగు వ్యాపారమును అరికట్టుటకు, 2019లో మన జాతిని అంతర్జాతీయ ఒడంబడిక అయిన సైటీస్ అత్యున్నత రక్షణ జాబితాలో చేర్చినారు. కాని చట్టము ప్రతి రేవులోను కావలి కాయజాలదు.

ఈ పనిలో మన విద్యార్థులకును పాలు కలదు. నదీతీరమున తడియిసుకపై అడుగుజాడలను గమనించవలెను. కుక్క అడుగున నాలుగు వేళ్ళు, నీటికుక్క అడుగున అయిదు వేళ్ళు కనబడును. ఒకేచోట పడియున్న, చేపపొలుసులతో నిండిన రెట్ట మరొక గుర్తు. తేదీని, స్థలమును వ్రాసికొని అటవీశాఖకు తెలిపిన యెడల, ఏ రేవు ఇంకను బ్రతికియున్నదో, దేనిని ముందుగా కాపాడవలెనో తెలియును.