నేరం మూతది కాదు, సందుది

2000 నాటి ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్లకు మూత ఉండేది కాదు. నడిమధ్యలో సిలికాన్ ముక్క బోడిగా కనిపించేది. దాని మీద హీట్‌సింక్ పెట్టి, క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో అదిమి తగిలించాలి. హీట్‌సింక్ కాస్త ఒరిగిందా, సిలికాన్ అంచు పెట్లిపోయేది. కొత్త ప్రాసెసర్ కొనుక్కోవడమే ఇక.

అందుకే మూత వచ్చింది. ఇంటెల్ పెంటియం 4కీ, 2003లో ఏఎండీ అథ్లాన్ 64కీ నికెల్ పూత వేసిన రాగి రేకు తొడిగారు. అది దెబ్బ కాచుకుంటుంది, చిన్న ముక్కలో పుట్టిన వేడిని వెడల్పుగా పరుస్తుంది కూడా. ఇంటెల్ 2011లో తెచ్చిన శాండీ బ్రిడ్జ్‌లో సిలికాన్‌కూ మూతకూ మధ్య ఇండియంతో సోల్డర్ చేశారు. దాన్ని ఓవర్‌క్లాక్ చేసినవాళ్లకు, అంటే నిర్ణీత వేగం మించి నడిపినవాళ్లకు, మూత ఉందన్న సంగతే గుర్తుండేది కాదు.

గొడవంతా 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో మొదలైంది. 22 నానోమీటర్ల చిప్, కరెంటు తక్కువే తాగుతుంది. కానీ వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వేడేమో వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. పైగా సిలికాన్ 216 చదరపు మిల్లీమీటర్ల నుంచి 160కి తగ్గింది కాబట్టి ఆ వేడి బయటపడే దారీ ఇరుకైంది. సరిగ్గా అప్పుడే ఇంటెల్ సోల్డర్ మానేసి థర్మల్ పేస్ట్ పూసింది. రాగి ఉష్ణవాహకత 400 అయితే ఇండియంది 80. పేస్టుది పది దాటితే గొప్పే.

దాంతో ఔత్సాహికులు మూత ఊడబెరకడం మొదలుపెట్టారు. పల్చటి బ్లేడును మూత అంచు కింద ఒక మూల నుంచి దూర్చి, నల్లటి సిలికోన్ జిగురును నెమ్మదిగా కోస్తూ చుట్టూ తిప్పాలి. బ్లేడు రవ్వంత కిందికి దిగితే ప్రాసెసర్ బోర్డులోని తీగలు తెగుతాయి, లోపలికి ఎక్కువ దూరితే సిలికాన్‌కే గీత పడుతుంది. ధైర్యవంతులు మూతను వైస్‌లో బిగించి, బోర్డు అంచుకు చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టేవారు. 2015లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ల బోర్డు పల్చబడ్డాక ఆ పద్ధతి మరీ ప్రమాదమైంది. జర్మన్ ఓవర్‌క్లాకర్ రోమన్ హార్టుంగ్ తయారుచేసిన పనిముట్టు మూతను పక్కకు జరిపి ఊడదీస్తుంది, సుత్తితో పని లేదు.

లోపల చూస్తే వింత బయటపడింది. అందరూ పేస్టును తిట్టారు గానీ పెద్ద దొంగ జిగురే. దాని మందం వల్ల మూత పైకి లేచి, కింద సందు మిగిలిపోయింది. ఆ సందు నిండా పేస్టు దట్టంగా చేరింది. జిగురు గీకేసి మూతను మళ్లీ పెడితే మామూలు పేస్టుతోనే వేడి బాగా తగ్గింది. గాలియం, ఇండియం, తగరం కలిసిన లిక్విడ్ మెటల్ పూస్తే 15 నుంచి 20 డిగ్రీల దాకా తేడా వచ్చేది. కాకపోతే అది కరెంటును పారిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఐవీ బ్రిడ్జ్ తర్వాత వచ్చిన హాస్వెల్‌లో సిలికాన్ పక్కనే బుల్లి భాగాలు ఉండటంతో వాటి మీద ముందు నెయిల్ పాలిష్ పూసేవారు!

2018లో 9900కె రకంతో ఇంటెల్ మళ్లీ సోల్డర్‌కు వచ్చింది. హార్టుంగ్ దాన్నీ వదల్లేదు. ఈసారి సిలికానే మునుపటి రకం కన్నా మందంగా ఉందని తేల్చి, దాన్ని అరగదీసి చూపించాడు. 2020లో 10900కెకి ఇంటెల్ తనే సిలికాన్‌ను పల్చన చేసింది.

2022 నాటి రైజెన్ 7000 సంగతి వేరు, అక్కడ తప్పు నిజంగా మూతదే. పాత కూలర్లు సరిపోవాలని ఏఎండీ దాన్ని మందంగా చేసింది. అది తీసేసి సిలికాన్ మీదే కూలర్ పెడితే వేడి 20 డిగ్రీల వరకూ తగ్గింది. అయినా, ఓవర్‌క్లాకింగ్ పిచ్చి లేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. ఆ ప్రాసెసర్‌ను 95 డిగ్రీల దగ్గర పనిచేసేలానే తయారుచేశారు; మూత తీస్తే వారంటీ పోతుంది. మూత పోయాక ఎత్తు తగ్గి మామూలు కూలర్ సిలికాన్‌కు తగలదు, సాకెట్ కొక్కేనికి అదిమిపట్టడానికి ఏమీ మిగలదు. వేరే ఫ్రేమ్ కొని బిగించుకోవాలి.