మీకు తెలుసా? చిక్కు కింద, కారణం పైన

కంప్యూటర్ కుట్టుమిషన్‌పై బట్ట అడుగున దారం ఉండలు కట్టగానే అందరూ బాబిన్‌నే తప్పుపడతారు, పాపం. పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి కుట్టి చూడండి: అడుగున ఉండకట్టేది చాలాసార్లు ఎర్రదారమే. ప్రెస్సర్ ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకునే ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పట్టులేని ఆ పైదారం కుట్టుకుట్టుకీ అడుగున పోగుపడుతుంది. అందుకే ఫుట్ ఎత్తాకే దారం ఎక్కించాలి. టెన్షన్ మిషనే చూసుకుంటుంది కదా అనొచ్చు. కానీ బిళ్లల మధ్యకు రాని దారాన్ని ఏ కంప్యూటరూ బిగించలేదు. అలాగని బాబిన్ వైపు తప్పే ఉండదని కాదు. తెల్లదారం బట్టపైకి తేలుతుంటే మాత్రం అది బాబిన్ కేసు గాడిలోంచి జారిందేమో, స్ప్రింగు కింద నూలుపొట్టు ఇరుక్కుందేమో చూడాలి.