దుమ్ము చాటున సగం వెలుగు!

గల్ఫ్‌లో దుమ్ముగాలి లేచిందంటే ఎదురుగా ఉన్న మేడ కూడా కనిపించదు. మేడ ఎక్కడికీ పోలేదు, అందులో దీపాలూ ఆరలేదు. మధ్యలో దుమ్ము అడ్డొచ్చిందంతే. ఆకాశంలోనూ ఇదే తంతు. నక్షత్రాలు పుట్టేది దుమ్ము, వాయువులు నిండిన మేఘాల్లోనే. గెలాక్సీలు ఎలా ఎదిగాయో తెలియాలంటే ఏ చోటు చూడాలో, సరిగ్గా ఆ చోటే మామూలు టెలిస్కోపులకు కనిపించదన్నమాట. ఈ చిక్కుముడిని విప్పినవి దూర పరారుణ సర్వేలు. అందులో అమెరికాదే పెద్ద చెయ్యి.

వేడే ఆనవాలు

ఇంతకీ కనిపించనిదాన్ని చూసేదెలా? కరోనా రోజుల్లో ఎయిర్‌పోర్టుల్లో జ్వరాన్ని పసిగట్టిన కెమెరాలు గుర్తున్నాయా? మన ఒంటి వేడి పరారుణ కిరణాలుగా బయటికొస్తుంటే అవి పట్టుకునేవి. అంతరిక్షంలోని దుమ్మూ అంతే. నక్షత్రాల వెలుగును మింగి కాస్త వెచ్చబడుతుంది. వెచ్చబడటమంటే మైనస్ 240 డిగ్రీల దరిదాపులకే! అంత చల్లటి దుమ్ము వెదజల్లే కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 100 మైక్రాన్లు. వీటినే దూర పరారుణ కిరణాలంటారు.

గాలిలోని తేమ వీటిని నేల దాకా రానివ్వదు. అందుకే టెలిస్కోపును పైకి పంపాలి. పంపితే చాలదు. టెలిస్కోపు సొంత వేడి కూడా అడ్డే కాబట్టి దాన్ని బాగా చల్లబరచాలి. అందుకు వాడింది ద్రవ హీలియం. ఖతార్‌లో రాస్ లఫాన్ వైపు పనిచేసినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. అయితే అంతరిక్షంలో హీలియం అయిపోతే మళ్లీ నింపేవాళ్లుండరు. ట్యాంకు ఖాళీ అయితే పని ముగిసినట్టే.

పది నెలల్లో ఆకాశమంతా

1983 జనవరిలో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి ఐరాస్ ఉపగ్రహాన్ని పంపాయి. దాని అద్దం 57 సెంటీమీటర్లే. అయినా పది నెలల్లో ఆకాశంలో 96 శాతాన్ని జల్లెడ పట్టింది. ఆర్ప్ 220 అనే గెలాక్సీ సంగతి అప్పుడే బయటపడింది. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోతున్న చోటది. లక్ష కోట్ల సూర్యుళ్లను మించిన శక్తిని, దాదాపు మొత్తంగా పరారుణ కిరణాల్లోనే వెళ్లగక్కుతోంది!

1989లో నాసా పంపిన కోబ్ ఉపగ్రహం సమాచారాన్ని వడగట్టి, 1998లో శాస్త్రవేత్తలు ఇంకో మాట చెప్పారు. విశ్వమంతటా పలచగా పరారుణ వెలుగు పరుచుకుని ఉందని. గెలాక్సీలు ఇప్పటిదాకా వెదజల్లిన వెలుగులో దాదాపు సగాన్ని దుమ్ము మింగి, ఇలా వేడిగా తిరిగిచ్చిందని దానివల్ల తేలింది.

ఆ వెలుగు ఏయే గెలాక్సీలదో విడదీసే పని తర్వాతి టెలిస్కోపులకు పడింది. నాసా స్పిట్జర్ 2003 ఆగస్టులో ఫ్లోరిడా నుంచి ఎగిరింది. 2009 మే 14న ఐరోపా సంస్థ, నాసా భాగస్వామ్యంతో, 3.5 మీటర్ల అద్దమున్న హెర్షెల్‌ను పంపింది. విచిత్రమేమిటంటే ఆ మర్నాడే స్పిట్జర్ హీలియం అయిపోయింది!

లాటరీ కాదు, నెలజీతం

అంతకుముందు గెలాక్సీలు ఢీకొన్నప్పుడే నక్షత్రాలు ఎక్కువగా పుట్టి ఉంటాయని చాలామంది అనుకునేవారు. హెర్షెల్ సర్వేలు ఈ లెక్క మార్చాయి. 1000 కోట్ల ఏళ్ల క్రితం విశ్వంలో నక్షత్రాలు ఇప్పటికంటే సుమారు పది రెట్లు జోరుగా పుట్టేవి. కానీ ఆ పుట్టుకల్లో అలాంటి విపరీత గెలాక్సీల వాటా పది శాతమేనని 2011లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మిగతాదంతా మామూలు గెలాక్సీలు తమ దగ్గరున్న వాయువుతో నిదానంగా చేసుకున్నదే. దుబాయ్ లాటరీ తగిలి కాదు, మనోళ్లు నెలనెలా కూడబెట్టి ఊళ్లో ఇల్లు కట్టుకున్నట్టన్నమాట.

హైదరాబాద్‌లోనూ...

ఈ కిరణాల వేటలో మన హైదరాబాద్‌కూ చోటుంది. ఈసీఐఎల్ దగ్గరి టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి మీటరు అద్దమున్న టెలిస్కోపును సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపేవారు. మన పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మేఘాలను అది చూసింది. 1999 నుంచి జపాన్ శాస్త్రవేత్తల పరికరమూ తోడైంది. ఆ కేంద్రం బెలూన్లకు కట్టిన పరికరాలు పారాచూట్‌తో పొలాల్లో దిగుతాయి. కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండంటూ వచ్చే ప్రకటనలు మనలో కొందరు చూసే ఉంటారు.

మూసుకున్న కిటికీ

హెర్షెల్ హీలియం 2013 ఏప్రిల్ 29న అయిపోయింది. కాలిఫోర్నియా నుంచి విమానంలో టెలిస్కోపు మోసిన సోఫియా 2022 సెప్టెంబరులో ఆగిపోయింది. జేమ్స్ వెబ్ చూపు 28 మైక్రాన్ల దగ్గరే ఆగుతుంది. అంటే దూర పరారుణ కిరణాలు చూసే అంతరిక్ష టెలిస్కోపు నేడు ఒక్కటీ లేదు. 2024 అక్టోబరులో నాసా రెండు ప్రతిపాదనలను ముందుకు తీసుకుంది. ఒకటి ఎక్స్ కిరణాల యాక్సిస్, రెండోది దూర పరారుణ ప్రైమా. ఒక్కదాన్నే 2032లో ప్రయోగిస్తామని అప్పట్లో చెప్పింది. ప్రైమాకు హీలియం ట్యాంకు బదులు యంత్రంతో చల్లబరిచే ఏర్పాటు అనుకున్నారు. ఖాళీ అయ్యే బెడద ఉండదు.

కొత్తది ఎగిరేదాకా పాతవి తెచ్చిన సమాచారమే ఆధారం. పాసడీనాలోని కాల్‌టెక్ కేంద్రం దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఫీజు లేదు, వీసా అక్కర్లేదు. ఊళ్లో ఫిజిక్స్ చదివే మీ పిల్లలకు ఈ మాట ఫోన్‌లో చెప్పండి.