చిక్యూ నౌక: సముద్రగర్భమునుండి వచ్చిన జిగటమన్ను

2012వ సంవత్సరము ఏప్రిల్, మే నెలలలో, జపాను ఈశాన్యతీరమునకు సుమారు 220 కిలోమీటర్ల దూరమున, చిక్యూ అను నౌక లంగరు వేయకయే నడిసముద్రమున నిలిచి, ఉక్కుగొట్టములను ఒకదాని చివర నొకటి బిగించుచు, 6,900 మీటర్ల నీటిని దాటించి, సముద్రపుటడుగున మఱి 850 మీటర్ల లోతునకు బోరు దించెను. ఇంత ప్రయాస యెందులకన, ఒక సంవత్సరము క్రిందట, 2011 మార్చి 11న, అచటి భూమి ఒక్క పెట్టున ఏబది మీటర్లు జరిగి మహాసునామిని లేపియుండెను.

పసిఫిక్ సముద్రపు టడుగుగా నున్న భూఫలకము, అనగా పసిఫిక్ పలక, జపాను కందకమను సముద్రపు లోయయొద్ద యేటేట ఎనిమిది సెంటీమీటర్లకు పైగా జపాను క్రిందికి దూరుచున్నది. ఆ రెండు పలకల నడిమి సందును శాస్త్రజ్ఞులు చిరకాలము ధ్వనిచేతనే పరిశీలించిరి. ఓడనుండి పుట్టించిన తరంగము నీటిలో సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు పోవును. నీరు నిండిన మెత్తని బురదలో అంతకంటె కొంచెము హెచ్చుగాను, నీరు పిండబడి గట్టిపడిన శిలలో నాలుగైదు కిలోమీటర్ల వేగముతోను పోవును. ఈ వేగభేదములను బట్టి ఏ పొర యెంత చిక్కనిదో, ఎచట నీరు చిక్కుపడి యున్నదో ఊహింపవచ్చును. కాని ఆ పొర యేమి మట్టియో, ఎంత జారునో, ధ్వని యొక్కటియే చెప్పజాలదు. కందకము దాపున మెత్తని మట్టి యుండుటచేత భూకంపపు చీలిక అచటికి వచ్చుసరికి మందగించునని పెక్కండ్రు నమ్మియుండిరి. 2011 ఆ నమ్మకమును తుడిచిపెట్టెను.

చిక్యూ 2002 జనవరిలో నీట దింపబడి, 2005లో పూర్తియై, జపాను సముద్ర విజ్ఞాన సంస్థయగు జామ్‌స్టెక్ చేతికి వచ్చెను. దాని పొడవు 210 మీటర్లు. బోరు గోపురము నీటిమట్టమునుండి 121 మీటర్ల ఎత్తు. ఉపగ్రహములు, సముద్రతలమున నుంచిన ధ్వనియంత్రములు తెలుపు జాడను అనుసరించి, ఓడ క్రింది చోదకచక్రములు ఏ దిక్కునకైన తిరుగుచు దానిని ఒకే చోట నిలుపును. 2007 మొదలు జపానుకే దక్షిణమున నున్న నాన్కాయ్ కందకమున పలకల సందును చేరుటకై అది పలుమాఱులు యత్నించి, 2019 నాటికి 3,262 మీటర్లు త్రవ్వి ఆగిపోయెను. అచటి సందు ఐదువేల మీటర్లకు దిగువ నున్నది. దీనిని వైఫల్యమని కొట్టివేయుట న్యాయము కాదు, ఆ లోతుల శిల ఎట్టిదో ఆ రంధ్రమే చూపినది. సునామి దినమున ఈ నౌక హచినోహె రేవున, చూడవచ్చిన బడిపిల్లలతో సహా ఉండెను. చోదకచక్రమొకటి చెడినను, పిల్లలందఱును క్షేమముగా మఱునాడు తీరము చేరిరి. మన పాఠకులకును ఈ నౌక పూర్తిగా పరాయిది కాదు: 2015లో మీథేను హైడ్రేటుల అన్వేషణకై మన కృష్ణా గోదావరి తీరసముద్రమున ఇది బోర్లు వేసినది.

ఇక జపాను కందకమునుండి 2012లో పైకి వచ్చిన మట్టిస్తంభములలో ఒకదానిని చూడుడు. పొడవు మీటరుకు కొంచెము అటునిటు. పొలుసులు పొలుసులుగా విడిపోవు జిగటమన్ను, పొరపొరకును ఒరిపిడిచే నిగనిగలాడుచున్నది. నూటికి ఇంచుమించు 78 పాళ్లు స్మెక్టైటు అను జాతి బంకమన్ను. మన రేగడి చేలలో వానకు ఉబ్బి, వేసవికి బీటలువాఱునది ఆ జాతిదే. రెండు మహాపలకలు జారిన ఆ సందు మందము ఐదు మీటర్లకు లోపు మాత్రమే.

అంతటితో ఆగక, జూలైలో ఆ చెంతనే వేసిన మఱియొక రంధ్రమున 55 ఉష్ణమాపకములను దించిరి. తొమ్మిది నెలలకు, 2013 ఏప్రిల్‌లో, మనుష్యులు లేని జలాంతరయంత్రము వానిని పైకి తెచ్చెను. చుట్టుపట్ల మట్టికంటె ఆ సందు డిగ్రీలో మూడవవంతు మాత్రమే వెచ్చగా ఉండెను. ఏబది మీటర్ల ఒరిపిడి ఇంత కొద్ది వేడిని మిగిల్చెననగా, ఘర్షణ యెంత స్వల్పమో లెక్కకట్టవచ్చును: సామాన్య శిలలకు 0.6 మొదలు 0.85 వఱకు ఉండు ఘర్షణ గుణకము, ఇచట 0.08. ఎంత లోతునకు పోయెనను ఘనతకంటె, ఆ డిగ్రీలో మూడవవంతును కొలిచి తెచ్చుటయే ఈ నౌక జీవితములోని మహత్కార్యమని నా అభిప్రాయము. ఏలన, మెత్తని మట్టి చీలికను ఆపదని, తడిసినచో దానికి దారియే ఇచ్చునని అది ఋజువు చేసినది.

2024లో చిక్యూ ఆ జపాను కందకమునకే మరల వెళ్లి, మఱి కొన్ని రంధ్రములు త్రవ్వినది. ఈ విషయము మనకును సంబంధించినదే: 2004 డిసెంబరు 26న మన కోస్తాను ముంచిన అలలు పుట్టినది సుమాత్రా అండమానుల కందకమున. 2016లో జాయిడిస్ రిజల్యూషన్ అను మఱియొక బోరు నౌక సుమాత్రా చెంత, క్రిందికి దిగబోవు పలకపై మాత్రమే బోరు వేసెను. ఆ రెండు పలకల నడిమి మట్టిని కూడ ఇట్లే పైకి తెచ్చి పరీక్షించు కార్యమునకు మన దేశము పూనుకొనవలెను.