కంకర బాట మీద సైకిలు

మంత్రాలయంలో బస్సు దిగి, గుడి ముందు నుంచి తుంగభద్ర ఒడ్డుకు వెళ్ళి చూడండి. ఎండాకాలమైతే ఏట్లో నీళ్ళకంటె బండలే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఏటి వెంబడి పల్లెలకు పోయే బాటలున్నాయి. కొంత దూరం గ్రావెల్ తోలిన రోడ్డు, కొంత దూరం బండ్ల బాట, మరికొంత దూరం పొలం గట్టు. ఇటువంటి బాటల మీద సైకిలు తొక్కటం ఇప్పుడు ప్రపంచంలో పెద్ద క్రీడ. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006 నుంచి దీనికి పేరుపొందిన పందెం జరుగుతున్నది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ పోటీలు పెట్టారు. మన పల్లెల్లో మాత్రం ఎందరో పిల్లలు పతకం లేకుండానే రోజూ ఈ పని చేసి బడికి వస్తున్నారు!

ఒక ఆదివారం మా బడి పిల్లలు ఎనిమిదిమందితో కలిసి ఈ బాటన బయలుదేరాను. ఒక అబ్బాయి ముందుగానే టైర్లకు రాయిలా గట్టిగా గాలి కొట్టుకుని వచ్చాడు. "గట్టిగా ఉంటే తేలిగ్గా పోతుంది సార్" అన్నాడు. తారు రోడ్డు మీద వాడే అందరికంటె ముందున్నాడు. మట్టిబాట ఎక్కిన పది నిమిషాలకు అందరికంటె వెనక పడ్డాడు. సైకిలు అదే, కాళ్ళు అవే. మరి ఏం మారింది?

రాయి ఎక్కితే ఏమవుతుంది?

నున్నటి తారు రోడ్డు మీద గట్టి టైరు కొద్దిగానే నొక్కుకుపోతుంది. అందువల్ల దొర్లుడు ఘర్షణ తక్కువ. మా అబ్బాయి చెప్పింది అక్కడ నిజమే. కంకర మీద లెక్క వేరు.

మీరూ, మీ సైకిలూ కలిసి 65 కిలోలు అనుకోండి. అందులో 40 కిలోలు వెనక చక్రం మీద పడతాయనుకుందాం. టైరు రాయిలా గట్టిగా ఉంటే 1 సెంటీమీటరు ఎత్తు రాయి ఎదురైనప్పుడు చక్రం దానిమీదికి ఎక్కి దిగాలి. అంటే 40 కిలోల బరువును 1 సెంటీమీటరు ఎత్తటానికి సుమారు 4 జౌళ్ళ శక్తి ఖర్చు. ఇది చాలా చిన్న లెక్కే. కాని ఒక కిలోమీటరులో ఇటువంటి రాళ్ళు వెయ్యి ఉంటే 4,000 జౌళ్ళు. సైకిలుతో సహా మిమ్మల్ని 6 మీటర్ల ఎత్తుకు, అంటే దాదాపు రెండంతస్తుల మేడ మీదికి ఎక్కించే శక్తి అది! రాయి దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. మిగిలింది కుదుపులుగా మారి మీ చేతుల్లో, నడుములో, సీటు కింది స్ప్రింగుల్లో వృథా అవుతుంది.

టైరు కొంచెం మెత్తగా ఉంటే రాయి టైరులోకి నొక్కుకుంటుంది. చక్రం పైకి లేవదు. టైరు రాయిని మింగి, దాటాక వదిలేస్తుందన్నమాట. 1860లలో వచ్చిన గట్టి చక్రాల సైకిళ్ళను ఇంగ్లండులో "ఎముకలు కుదిపేవి" అని వెక్కిరించేవారు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. అప్పటి నుంచి సైకిలు కథే మారిపోయింది.

గాలి ఎంత ఉండాలి?

టైరు నేలను ఎంత మేర తాకుతుందో సులువుగా లెక్కగట్టవచ్చు. చక్రం మీది బరువును టైరులోని గాలి పీడనంతో భాగించాలి. 40 కిలోల బరువు, చదరపు సెంటీమీటరుకు 4 కిలోల పీడనం అయితే, తాకే చోటు సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. పీడనం 2 కిలోలకు దించితే 20 చదరపు సెంటీమీటర్లు. తాకే చోటు పెరిగితే వదులు మట్టిలోనూ ఇసుకలోనూ చక్రం తక్కువగా దిగబడుతుంది. ఒంటె పాదం వెడల్పుగా ఉండటంలోని రహస్యం ఇదే.

అయితే గాలి బొత్తిగా తీసేయమని అర్థం కాదు. మా అబ్బాయిని చూసి ఒక అమ్మాయి తన టైరు మరీ మెత్తగా చేసుకుంది. కిలోమీటరు పోయిందో లేదో, రాయికీ ఇనుప రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి, పాము కాటులాగా. టైరుకు గాలి మరీ ఎక్కువా పనికిరాదు, మరీ తక్కువా పనికిరాదు.

ఇంకో సంగతి. కంకర బాటల కోసం ఇప్పుడు తయారవుతున్న ఖరీదైన సైకిళ్ళకు సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేస్తారు. మీ తాతగారి నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉందేమో చూడండి. ఒకటిన్నర అంగుళాలంటే 38 మిల్లీమీటర్లు!

గులకరాయి జారుతుంది, కంకర పట్టుకుంటుంది

ఏటి దగ్గర ఒక మలుపులో మా గట్టి టైరు అబ్బాయి జారి పడ్డాడు. మోచెయ్యి గీసుకుంది. అక్కడ బాట నిండా గులకరాళ్ళున్నాయి. తుంగ, భద్ర నదులు కర్ణాటకలోని కూడ్లి దగ్గర కలిసి తుంగభద్ర అవుతాయి. నీటిలో దొర్లి దొర్లి, ఒకదానితో ఒకటి రాసుకుని రాళ్ళ కోణాలు అరిగిపోతాయి. గుండ్రటి రాళ్ళు చక్రం కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. కొట్టిన కంకరకు కోణాలుంటాయి కనుక ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలదు. 19వ శతాబ్దం మొదట్లో స్కాట్లండుకు చెందిన జాన్ మెకాడం ఈ సూత్రం మీదనే రోడ్లు వేశాడు. కాబట్టి గులకరాళ్ళు కనిపిస్తే మలుపుకు ముందే వేగం తగ్గించండి. మలుపులో ఉండగా బ్రేకు వేయవద్దు.

ఏటి ఒడ్డు విడిచి పొలాల్లోకి వస్తే నల్లరేగడి. దీనిలోని సన్నని బంకమట్టి రేణువులు పొరలు పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకు చేరి మట్టిని ఉబ్బిస్తుంది. ఎండితే మట్టి కుంచించుకుపోయి నెరియలు వస్తాయి. వాన పడిందంటే రేగడి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు. అప్పుడు సైకిలును మీరు మొయ్యాలి!

కాలువ గట్టు

కంకర బాట నేర్చుకునేవారికి మంచి చోటు కాలువ గట్టు. ఏటి దిగువన, కర్నూలుకు ముందు, సుంకేసుల ఉంది. అక్కడ తుంగభద్ర నుంచి బయలుదేరే కె.సి. కాలువ కడప వరకు పోతుంది. 1863 నుంచి 1870 వరకు దీనిని తవ్వారు. సాగుకే కాక పడవలు నడిపేందుకు కూడా ఉద్దేశించారు కనుక కాలువకు వాలు చాలా తక్కువ. గట్టు కూడా కాలువతో పాటే పోతుంది. అందుకే ఎక్కువ దూరం ఎత్తుపల్లాలు లేకుండా తొక్కవచ్చు. నంద్యాల వైపు కుందేరు లోయలో దక్షిణంగా పోతుంటే ఎడమ చేతి వైపు నల్లమల, కుడి చేతి వైపు ఎర్రమల కనిపిస్తాయి. నల్లమల పులులున్న అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటలు ఎక్కవద్దు.

ఇక్కడ ఎండ, అక్కడ వాన

ఒక్క మాట మరచిపోవద్దు. తుంగభద్ర నీరు పశ్చిమ కనుమల్లో కురిసిన వాన. ఇక్కడ మబ్బు తునక లేకపోయినా ఏరు పొంగవచ్చు. 2009 అక్టోబరు మొదట్లో మంత్రాలయంలోకే వరద వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గరి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోతే, దిగువన మంత్రాలయం వైపు ఊళ్ళను హెచ్చరించారు. ఏట్లోని ఇసుక చదునుగా కనిపించిందని సైకిలు దించవద్దు. బయలుదేరే ముందు ఊళ్ళో పెద్దలను అడగండి. నీళ్ళ సీసా, పంపు, పంచరు సామాను లేనిదే కదలవద్దు. పల్లేరు కాయల ముళ్ళకూ, కంప ముళ్ళకూ మీ లెక్కలు తెలియవు!

మీరు చేసి చూడండి

చిన్న వాలు, దాని కింద చదునైన మట్టిబాట ఉన్న చోటు ఎంచుకోండి. వాలు మీద ఒక గీత గీయండి. ఆ గీత దగ్గర సైకిలెక్కి, తొక్కకుండా, బ్రేకు వేయకుండా వదిలేయండి. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టి దూరం కొలవండి. టైరు గట్టిగా ఉన్నప్పుడు మూడుసార్లు, ఓ మోస్తరుగా ఉన్నప్పుడు మూడుసార్లు, కొంచెం మెత్తగా ఉన్నప్పుడు మూడుసార్లు చేసి సగటు తీయండి. ఎక్కేవారు మారకూడదు, గాలి వీచకూడదు. ఎక్కువ దూరం పోయినదే ఆ బాటకు, మీ బరువుకు తగిన గాలి.

మా అబ్బాయి ఆ రోజు మోచేతికి గుడ్డ కట్టుకుని, టైర్లలో కొంచెం గాలి తీసి, మళ్ళీ బయలుదేరాడు. తిరిగి వచ్చేటప్పుడు మధ్యలో ఉన్నాడు, ముందూ కాదు, వెనకా కాదు. తారు రోడ్డు ఎక్కగానే ఆగి పంపు తీశాడు. ఎందుకో మీరు చెప్పగలరు.