గుర్రం బొచ్చు రాల్చే కాలం: సాయిస్ పనిలో ఉన్న తమ్ముళ్లకు బట్టలు, సామాను

గుర్రాల కాడ పనిచేసే మనవాళ్ల గురించి ఎపిసోడ్‌లో మాట్లాడినప్పుడు సామాను పేర్లు గబగబా చెప్పేసిన. అవి రాసి పెట్టమని చాలామంది అడిగారు. అందుకే ఇది.

నేను సాయిస్‌ను కాదు. ఐటీఐ చదివి దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న. అల్ ఖుద్రా రోడ్డు వైపు గుర్రాల షెడ్లు కట్టినప్పుడు నాలుగు నెలలు అక్కడే ఉండి ఈ పని దగ్గర నుంచి చూసిన. మా చిన్నమ్మ కొడుకు ఇంకోచోట, ఒకరి సొంత గుర్రాల కాడ సాయిస్. పోయిన మార్చిలో వాడు రబ్బరు చెప్పులతో గుర్రాన్ని కడుగుతుంటే అది పక్కకు జరిగి కాలి మీద డెక్క పెట్టింది. రెండు వేళ్లు విరిగినయి. "బూట్లు ఎందుకు వేసుకోలేదురా?" అంటే, "జీతం వచ్చినంక కొందామనుకున్న అన్నా" అన్నడు. ఆ మాట సంగతి చివర్లో చెప్తా.

ఈ కాలమే ఎందుకు?

చలికాలం పోయి పగటి పొద్దు పెరిగేకొద్దీ గుర్రం పాత బొచ్చు రాలుస్తుంది. వేడి కన్నా వెలుతురే దానికి అసలు కారణం. ఇక్కడ అదే సమయంలో ఎండ ముదురుతుంది, చెమట ఎక్కువవుతుంది. రాలిన బొచ్చు, ఎండిన చెమట, ఇసుక కలిసి జీను కింద చిక్కుకుంటే ఒరిపిడికి పుండు పడుతుంది. పుండు పడ్డ గుర్రం జీను వేయనియ్యదు, తన్నుతుంది. ఆ దెబ్బ తగిలేది ముందుగా మనకే.

గుర్రానికి కావలసినవి, వాడే వరుసలో

డెక్క గీరే కొక్కెం: హూఫ్ పిక్ అంటారు. మడమ వైపు నుంచి ముందుకు గీరాలి. డెక్క మధ్యలో 'వి' ఆకారంలో మెత్తటి భాగం ఉంటుంది, దాన్ని గుచ్చొద్దు. లాడం వదులైందేమో కూడా అప్పుడే చూడాలి.

రబ్బరు కర్రీ కోంబ్: గుండ్రంగా తిప్పుతూ రుద్దితే రాలే బొచ్చు, మట్టి పైకి వస్తాయి. ముఖం మీద, మోకాళ్ల కింద వద్దు. అక్కడ కండ ఉండదు, నొప్పి పుడుతుంది. ఇనుప పళ్ల షెడ్డింగ్ బ్లేడు ఉంటే కండ ఉన్నచోటే, తేలికచేత్తో వాడాలి.

రెండు బ్రష్‌లు: గట్టిదానితో పైకి వచ్చిన మట్టి దులపాలి, మెత్తదానితో ఒళ్లంతా తుడవాలి. ఏ గుర్రం బ్రష్ దానికే ఉండాలి. ఒకే బ్రష్ అన్నిటికీ వాడితే తామర పాకుతుంది, మన చేతులకు కూడా అంటుకుంటుంది.

నీళ్లు లాగే స్క్రేపర్: కడగడం అయినంక నీళ్లు లాగెయ్యాలి. ఈగలు ఎక్కువైతే కళ్లకు వల ముసుగు కట్టాలి. దాంట్లోంచి గుర్రానికి కనిపిస్తుంది. రోజూ విప్పి, లోపల ఒరుసుకుందేమో చూసి మళ్లీ కట్టాలి.

మనకు కావలసినవి

లేత రంగు కాటన్ ఫుల్ చేతుల చొక్కా. వేలాడే తువ్వాలలు, చేతి కడియాలు వద్దు. బొచ్చు దులిపేటప్పుడు ముక్కుకు మాస్క్. తాడు పట్టుకునే చేతికి గ్లవ్స్. ఎన్ని గ్లవ్స్ ఉన్నా తాడును చేతికి చుట్టుకోవద్దు. గుర్రం బెదిరి ఉరికితే చెయ్యి దాంతోపాటే పోతుంది.

కింద నిలబడి చేసే పనికి మన సైటు సేఫ్టీ షూ పనికొస్తుంది. గుర్రం ఎక్కేటోళ్లకు మాత్రం అది వద్దు. దాని అడుగు గరుకుగా, మందంగా ఉండి రికాబులో ఇరుక్కుంటుంది. నున్నటి అడుగు, చిన్న మడమ ఉన్న బూటు కావాలి.

సైటు హెల్మెట్ పెట్టుకుని గుర్రం ఎక్కినోళ్లను నేనే చూసిన. అది పైనుంచి పడే వస్తువు కోసం చేసింది, మనమే కింద పడితే కాపాడేది కాదు. సవారీ హెల్మెట్ వేరు. లోపల ఈఎన్ 1384 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్1163 అని ముద్ర ఉందేమో చూడండి. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, పైకి బాగున్నా మార్చెయ్యాలి.

డబ్బులు ఎవరివి?

ఇప్పుడు తమ్ముడి మాట. ఇంటి యజమాని వీసా మీద గుర్రాలు చూసుకునేవాళ్లు యూఏఈ చట్టం లెక్కన ఇంటి పనివాళ్ల కిందికి వస్తారు. 2022 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఫుల్ టైం పనిచేసేవాళ్లకు పనికి తగిన బట్టలు, తిండి కఫీలే ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు కూడా ఉంది. కంపెనీ వీసా అయితే 2021 నాటి 33వ నంబరు లేబర్ చట్టం వర్తిస్తుంది. రక్షణ సామాను ఇచ్చే బాధ్యత అక్కడ కంపెనీది.

అందుకే సంతకం పెట్టేముందు బట్టల సంగతి ఒప్పందంలో ఏం రాశారో చదివించుకోండి. ఇప్పటికే పనిలో ఉంటే మర్యాదగా అడగండి. అడిగినా ఇవ్వకపోతే ఇండియన్ ఎంబసీ సహాయ కేంద్రం, పీబీఎస్‌కే, 80046342కు ఫోన్ చేయండి. ఉచితం.

మావోడు కాలికి కట్టుతోనే పోయి అడిగిండు. కఫీల్ కోపం చేయలేదు, వారంలో బూట్లు తెప్పించిండు. అడగొచ్చని ముందే తెలిసి ఉంటే ఆ రెండు వేళ్లు దక్కేవి. మీ రూములో సాయిస్ పనిచేసే తమ్ముడు ఎవరైనా ఉంటే ఇది చదివి వినిపించండి.